లాగ్‌బుక్ నుంచి బ్లాక్‌చెయిన్ దాకా: విమానం రికార్డు చరిత్ర

ఈసారి అంశం జీఎస్-3 సైన్స్ అండ్ టెక్నాలజీలోది. కానీ మనం చరిత్ర దారిలో వెళ్దాం. "విమానాల మెయింటెనెన్స్ రికార్డులకు బ్లాక్‌చెయిన్" అనే మాట ఎక్కడ కనబడినా మనం నోట్సులో "పారదర్శకత, భద్రత, మార్చలేని రికార్డు" అని మూడు ముక్కలు రాసుకుని పేజీ తిప్పేస్తాం. నేనూ అదే చేశాను. టెస్ట్ సిరీస్‌లో ఆ జవాబుకు పదికి మూడున్నర వచ్చింది. పేపర్ దిద్దినాయన మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారు: "మొదటే తప్పు రాస్తే?" దానికి జవాబు వెతుక్కుంటూ చదివినదంతా ఇక్కడ పెడుతున్నాను. మీకు మార్కులతో పాటు ఇంకేదైనా దొరికితే సంతోషం.

ఒక ఎంట్రీ, ఇరవై రెండేళ్లు

2002 మే 25న చైనా ఎయిర్‌లైన్స్ 611 విమానం తైపే నుంచి హాంకాంగ్‌కు బయలుదేరింది. బోయింగ్ 747. కాసేపటికి పెంఘు దీవుల దగ్గర ఆకాశంలోనే ముక్కలైంది. అందులో ఉన్న 225 మందీ చనిపోయారు.

దర్యాప్తు వెనక్కి వెళ్లి వెళ్లి 1980 ఫిబ్రవరి 7 దగ్గర ఆగింది. ఆ రోజు హాంకాంగ్‌లో దిగేటప్పుడు విమానం తోక రన్‌వేకు రాసుకుంది. ముందు తాత్కాలికంగా, మే నెలలో శాశ్వతంగా మరమ్మతు చేశారు. తయారీదారు మాన్యువల్ ప్రకారం దెబ్బతిన్న రేకును కోసి తీసేయాలి, దెబ్బ అంచులు దాటి బాగా బయటికి వచ్చేంత పెద్ద అతుకు వేయాలి. రెండూ జరగలేదు. గీతలు పడిన రేకు మీదే అతుకు వేశారు. కింద పగుళ్లు పెరుగుతూ పోయాయి, పైన అతుకు ఉంది కాబట్టి ఎవరికీ కనబడలేదు. రికార్డులో మాత్రం మాన్యువల్ ప్రకారం మరమ్మతు పూర్తయిందనే ఉంది. ఎలా చేశారో చెప్పే వివరమైన కాగితాలు దర్యాప్తు బృందానికి దొరకలేదు.

ఇరవై రెండేళ్లపాటు ఆ విమానాన్ని తనిఖీ చేసిన ప్రతి ఇంజినీరూ ఆ ఎంట్రీని నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? విమానాన్ని ప్రతిసారీ మొదటి బోల్టు నుంచి విప్పి చూడటం ఎవరి వల్లా కాదు. నిన్న రాసినవాడిని నమ్మి ఇవాళ పనిచేయడం మీదే ఈ రంగమంతా నడుస్తుంది. రికార్డుల చరిత్ర ఎందుకు చదవాలో ఈ ఒక్క కేసు చెబుతుంది.

లాగ్‌బుక్ ఎప్పుడు మొదలైంది?

మన దేశంలో విమానయానం చాలా ముందే మొదలైంది. 1911 ఫిబ్రవరి 18న ఫ్రెంచ్ పైలట్ ఆన్రీ పెకే అలహాబాద్ నుంచి నైనీకి ఉత్తరాల సంచి మోసుకెళ్లాడు. పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న దూరం. అప్పటికి విమానం అంటే ప్రదర్శన వస్తువు, చట్టం లేదు.

అంతర్జాతీయ ఒప్పందం మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. 1919 పారిస్ ఒప్పందంలో లాగ్‌బుక్కుల కోసమే ఒక అనుబంధం ఉంది. ప్రయాణానికి ఒక పుస్తకం, విమానానికి ఒకటి, ఇంజిన్‌కు ఒకటి. ఈ విభజన గమనించండి. ఇంజిన్ ఒక విమానం నుంచి ఇంకో విమానానికి మారుతుంది, కాబట్టి దాని చరిత్ర దానితోపాటే నడవాలి. ఇవాళ బ్లాక్‌చెయిన్ గురించి చెప్పేవాళ్లు "ప్రతి భాగానికీ సొంత గుర్తింపు" అంటున్నది ఆ పాత ఆలోచన కొనసాగింపే.

1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయి జుహూకు పస్ మాత్ విమానం నడిపారు. రెండేళ్లకు విమాన చట్టం, 1934 వచ్చింది. దాని కింద విమాన నియమాలు, 1937. రిజిస్ట్రేషన్, ఎగరడానికి యోగ్యత, లైసెన్సు ఉన్న ఇంజినీరు సంతకం, లాగ్‌బుక్కులు, అన్నీ ఈ నియమాల్లో కుదురుకున్నాయి. 1944 డిసెంబర్ 7 నాటి చికాగో ఒప్పందం 29వ అధికరణం విమానంలో ఉండాల్సిన పత్రాల జాబితా ఇస్తుంది. 34వ అధికరణం జర్నీ లాగ్‌బుక్ గురించి చెబుతుంది. ప్రిలిమ్స్ కోసం ఈ రెండూ గుర్తుంచుకోండి.

యుద్ధం ముగిశాక మిగులు డకోటా విమానాలు చౌకగా దొరికాయి, కంపెనీలు పుట్టుకొచ్చాయి. మన హైదరాబాద్ బేగంపేట నుంచి 1946లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన సంస్థ. మార్కెట్ కంటే కంపెనీలు ఎక్కువయ్యాయి. జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ 1950లో ఈ పరిస్థితిని పరిశీలించింది. 1953లో జాతీయీకరణ జరిగి ఎనిమిది దేశీయ సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి.

మన అంశానికి ఇక్కడ ఒక పాయింటు ఉంది. 1953 నుంచి దాదాపు నలభై ఏళ్లు మన దేశంలో షెడ్యూల్డ్ విమానాలు నడిపినవాళ్లు, బాగుచేసినవాళ్లు, యజమాని, అందరూ ప్రభుత్వమే. రికార్డు ఒక ఇంట్లోనే తిరిగేది. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయి ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకున్నాక పరిస్థితి మారింది. యజమాని విదేశీ లీజు కంపెనీ, నడిపేది ఒకరు, ఇంజిన్ బాగుచేసేది ఇంకొకరు, విడిభాగం అమ్మేది మరొకరు. ఒకరినొకరు చూడని వాళ్ల మధ్య రికార్డు తిరగడం మొదలైంది.

రికార్డు చెడే నాలుగు దారులు

చదివిన ప్రమాదాలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే రికార్డు నాలుగు రకాలుగా చెడుతుందని అనిపించింది. ఈ వర్గీకరణ నాది, జవాబులో వాడుకోవచ్చు.

మొదటిది, రాయకపోవడం. 1991 సెప్టెంబర్ 11న అమెరికాలో కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం కూలి 14 మంది చనిపోయారు. ముందు రాత్రి తోక భాగంలో 47 స్క్రూలు విప్పారు. షిఫ్టు మారింది. స్క్రూలు విప్పిన సంగతి తర్వాతి షిఫ్టుకు సరిగ్గా చేరలేదు. పొద్దున్నే విమానం ఎగిరింది.

రెండోది, పని తప్పుగా చేసి సరిగ్గా చేశామని రాయడం. చైనా ఎయిర్‌లైన్స్ కేసు ఇదే. 1985 ఆగస్టు 12న 520 మందిని బలిగొన్న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 కూడా ఈ కోవలోదే. 1978లో తోక రాసుకుంది, వెనక గోడ మరమ్మతులో ఒక ముక్కగా ఉండాల్సిన పలకను రెండుగా కోసి బిగించారు. రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక వరుస మీద పడింది. చేసింది తయారీదారు బోయింగ్ బృందమే. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. తప్పును ఒప్పు అనుకుని రాశారు.

మూడోది, దొంగ కాగితం. 2023లో పోర్చుగల్ సంస్థ టాప్ ఇంజినీర్లకు ఒక ఇంజిన్ భాగం మీద అనుమానం వచ్చింది. కాగితం ప్రకారం కొత్తది, చేతిలో చూస్తే పాతబడినట్టుంది. తయారీదారు సఫ్రాన్‌ను అడిగితే ఆ సర్టిఫికెట్ తమది కాదని చెప్పింది. సరఫరా చేసింది లండన్‌లోని ఏఓజీ టెక్నిక్స్. ఎ320, బోయింగ్ 737 విమానాల్లో వాడే సీఎఫ్ఎం56 ఇంజిన్ భాగాల కోసం ప్రపంచమంతా వెతుకులాట మొదలైంది. దొంగను పట్టించింది సాఫ్ట్‌వేర్ కాదు, భాగాన్ని చేతిలోకి తీసుకుని చూసిన మనిషి అని ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

నాలుగోది, రాసినదాన్ని తర్వాత దిద్దడం. 2025లో మన దేశంలోనే ఒక విమానయాన సంస్థను డీజీసీఏ మందలించిన సంగతి వార్తల్లో వచ్చింది. యూరప్ భద్రతా సంస్థ ఆదేశించిన ఇంజిన్ భాగాల మార్పు గడువులోగా జరగలేదు. గడువులోగా జరిగినట్టు చూపించడానికి రికార్డులు మార్చారని ఆరోపణ. ఆ రికార్డులు పాత కాగితపు పుస్తకంలో లేవు, కంప్యూటర్‌లోనే ఉన్నాయి. అంటే డిజిటల్ చేసేస్తే సరిపోతుందనే వాదన ఇక్కడ నిలవదు.

మరి బ్లాక్‌చెయిన్ ఏం చేస్తుంది?

మన ఊళ్లలో ఆంధ్రలో కరణం, తెలంగాణలో పట్వారీ ఉన్న కాలం గురించి తాతలను అడగండి. పుస్తకం ఒక్కరి ఇంట్లో ఉండేది. దిద్దినా తెలిసేది కాదు. 1984లో ఆ వ్యవస్థను రద్దు చేయడం వెనక ఉన్న కోపంలో చాలా భాగం ఆ ఒక్క పుస్తకం మీదిదే. ఇప్పుడు ఊరందరి దగ్గరా అదే పుస్తకం నకలు ఉందనుకోండి. ప్రతి పేజీ చివర ముందు పేజీని బట్టి లెక్కగట్టిన ఒక గుర్తు వేశారనుకోండి. ఎవరైనా పాత పేజీలో ఒక అంకె మార్చితే ఆ తర్వాతి గుర్తులన్నీ తప్పుతాయి, మిగతా నకళ్లతో సరిపోవు. బ్లాక్‌చెయిన్ ఇంతే. ఆ గుర్తు పేరు హ్యాష్.

ఇది బిట్‌కాయిన్‌తో మొదలైందని రాయకండి. 1991లో స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెటా అనే ఇద్దరు పరిశోధకులు డిజిటల్ పత్రానికి ఎవరూ వెనక్కి జరపలేని తేదీ ముద్ర ఎలా వేయాలో చూపించారు. వాళ్ల సంస్థ 1995 నుంచి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా హ్యాష్ అచ్చు వేయిస్తూ వచ్చింది. అచ్చయిన పత్రిక ప్రతులన్నిటినీ ఎవరు దిద్దగలరు? 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం వాళ్ల పనిని ప్రస్తావించింది. డబ్బు తర్వాత వచ్చింది, పత్రం నిజమా కాదా అన్న సమస్యే ముందుది.

విమానయానంలో వాడేది బిట్‌కాయిన్ లాంటి బహిరంగ వ్యవస్థ కాదు. అనుమతి ఉన్నవాళ్లే చేరగలిగే పర్మిషన్డ్ బ్లాక్‌చెయిన్. తయారీదారు, విమాన సంస్థ, మరమ్మతు కేంద్రం, లీజు కంపెనీ, నియంత్రణ సంస్థ ఇందులో సభ్యులు. 2017లో లుఫ్తాన్సా ఇండస్ట్రీ సొల్యూషన్స్ ఈ రంగంలో ఒక ఉమ్మడి వేదిక మొదలుపెట్టింది. 2018లో హనీవెల్ వాడిన విడిభాగాలు అమ్మే వెబ్ మార్కెట్‌ను బ్లాక్‌చెయిన్ మీద పెట్టింది. 2020లో సీటా, ఇతర సంస్థలు ఎంఆర్ఓ బ్లాక్‌చెయిన్ అలయన్స్‌ను ప్రకటించాయి.

దీని అసలైన ఉపయోగం చేతులు మారేచోట ఉంది. ఇంజిన్‌లోని తిరిగే డిస్కుల లాంటి భాగాలకు ఆయుష్షు ఇన్ని సైకిళ్లని కచ్చితంగా ఉంటుంది. ఒకసారి ఎగిరి దిగితే ఒక సైకిల్. ఆ భాగం ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు నుంచి ఎవరి దగ్గర ఎన్ని సైకిళ్లు తిరిగిందో లెక్క తెగకుండా ఉండాలి. దీన్నే ఆ రంగంలో బ్యాక్ టు బర్త్ రికార్డు అంటారు. మధ్యలో ఒక కాగితం పోతే లోహం ఎంత బాగున్నా విమానానికి బిగించడానికి పనికిరాదు.

2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసినప్పుడు లీజు కంపెనీలకు ఇదే భయం పట్టుకుంది. విమానాల నుంచి భాగాలు, రికార్డులు తీయకూడదని ఢిల్లీ హైకోర్టు మధ్యలో ఆదేశించాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దుకు ఆదేశం వచ్చింది. 2001 కేప్‌టౌన్ ఒప్పందానికి మన దేశంలో చట్టబద్ధత ఇస్తూ 2025లో చేసిన విమాన వస్తువుల ప్రయోజనాల రక్షణ చట్టాన్ని ఈ నేపథ్యంలోనే చదవండి.

మన ఫోనులోనే ఉన్న పాఠం

ఇప్పుడు ఆ నాలుగు దారులకు బ్లాక్‌చెయిన్‌ను అన్వయించి చూద్దాం. నాలుగోది, అంటే తర్వాత దిద్దడం, దీనివల్ల చాలా కష్టమవుతుంది. మూడోది, దొంగ కాగితం, తయారీదారు స్వయంగా ఎక్కించిన రికార్డు ఉంటే తేలిగ్గా బయటపడుతుంది. కానీ అసలు భాగం నంబరును దొంగ భాగం మీద చెక్కితే గొలుసుకు తెలియదు. మొదటిది, రాయకపోవడం, దానికి ఇది మందు కాదు. రెండోదానికి అసలే కాదు. 1980లో బ్లాక్‌చెయిన్ ఉండి ఉంటే "మరమ్మతు పూర్తయింది" అన్న ఆ తప్పు ఎంట్రీ ఇంకా భద్రంగా, ఇంకా నమ్మదగినట్టుగా ఉండేది.

ఇది ఊహ కాదు. మన దేశంలో భారీగా నడుస్తున్న ఒక డీఎల్‌టీ వ్యవస్థ రోజూ మన ఫోనులోకి వస్తోంది. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వాణిజ్య ఎస్‌ఎంఎస్‌లు పంపేవాళ్లు, వాళ్ల హెడర్లు, సందేశాల నమూనాలు డిస్ట్రిబ్యూటెడ్ లెడ్జర్‌లో నమోదు కావాలి. నమోదు బాగానే జరుగుతోంది. స్పామ్ ఆగిందా? మీ ఇన్‌బాక్స్ చూసుకుని మీరే చెప్పండి. నమోదు చేసేటప్పుడు పరిశీలన సరిగ్గా లేకపోతే లెడ్జర్ ఎంత గట్టిదైనా చెత్తనే దాస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో మా బ్యాచ్‌లో చాలామందిమి రీడింగులు తీసుకోలేదు. జవాబు పుస్తకంలో ఉంటుంది. దాని నుంచి వెనక్కి లెక్కగట్టి, అనుమానం రాకుండా కాస్త తేడాలు పెట్టి, ఉష్ణోగ్రతలు పట్టికలో నింపేవాళ్లం. సీనియర్ల రికార్డు నుంచి నేను దించుకున్నాను, నా రికార్డు నుంచి జూనియర్లు దించుకున్నారు. అన్నిటి మీదా సంతకాలున్నాయి. నా రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి. ఆ పరికరంలో ఒక థర్మోకపుల్ పనిచేయడం లేదని మా అందరికీ తెలుసు. ఏ రికార్డులోనూ ఆ సంగతి లేదు.

ఆ పుస్తకాలను బ్లాక్‌చెయిన్ మీద పెట్టి ఉంటే ఏమయ్యేది? మా అబద్ధాలు శాశ్వతమయ్యేవి. ఇలా ల్యాబ్ రికార్డులు రాసిన మాలాంటి వాళ్లే రేపు హ్యాంగర్లలో, వంతెనల దగ్గర, ఆఫీసుల్లో సంతకాలు పెడతారు. ఎంపికైతే మనమూ పెడతాం. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో వెళ్లని ఊరికి వెళ్లినట్టు రాయమని పైనుంచి ఒత్తిడి వచ్చిన రోజున ఏం చేస్తామన్నది ఎథిక్స్ పేపర్ ప్రశ్న కూడా.

ఇరుగుపొరుగు, మన సంస్థలు

దక్షిణాసియాకు ఇది పరువు సమస్య కూడా. 2020 జూన్‌లో పాకిస్తాన్ మంత్రి స్వయంగా పార్లమెంటులో 860 మంది పైలట్లలో 262 మంది లైసెన్సుల మీద అనుమానాలున్నాయని చెప్పారు. యూరప్ వెంటనే పీఐఏ మీద నిషేధం పెట్టింది. అది 2024 నవంబర్ దాకా పోలేదు. నేపాల్ విమాన సంస్థలన్నిటినీ యూరప్ 2013 డిసెంబర్‌లో నిషేధ జాబితాలో పెట్టింది. మనం నవ్వుకోవడానికి లేదు. 2011లో మన దగ్గరే దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సు పొందిన పైలట్లు పట్టుబడ్డారు. 2014 జనవరిలో అమెరికా ఎఫ్‌ఏఏ మన భద్రతా రేటింగును కేటగిరీ-2కి దించింది. పూర్తికాల తనిఖీ అధికారుల కొరత అప్పటి ప్రధాన లోపాల్లో ఒకటి. 2015 ఏప్రిల్‌లో పాత స్థాయి తిరిగి వచ్చింది. కాగితాన్ని నమ్మలేని దేశం విమానాన్ని కూడా ఎవరూ నమ్మరు.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలి 260 మంది చనిపోయారు. నెలకు వచ్చిన ఏఏఐబీ ప్రాథమిక నివేదిక కారణాన్ని తేల్చలేదు, నేనూ ఆ జోలికి పోను. కానీ అందులో మన అంశానికి పనికొచ్చే చిన్న భాగం ఉంది. ఇంధన స్విచ్చుల గురించి 2018లో అమెరికా ఒక సలహా పత్రం ఇచ్చింది. అది సలహా మాత్రమే కాబట్టి ఆ తనిఖీ చేయలేదని, థ్రాటిల్ కంట్రోల్ మాడ్యూల్‌ను 2019లో, 2023లో వేరే కారణాలతో మార్చారని నివేదిక చెప్పింది. ఇన్నేళ్ల నాటి సంగతి నెలరోజుల్లో చెప్పగలిగారంటే రికార్డులు ఉన్నాయి కాబట్టే. చనిపోయినవాళ్ల కుటుంబాలకు నిజం చేరే దారి కూడా ఆ కాగితాల గుండానే వెళ్తుంది.

పునాది మనకు ఉంది. 1934 చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం, 2024 వచ్చి 2025 జనవరి 1 నుంచి అమలవుతోంది. పార్లమెంటులో దాన్ని ప్రవేశపెట్టింది శ్రీకాకుళం ఎంపీ, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు. డీజీసీఏ, బీసీఏఎస్, ఏఏఐబీలకు చట్టబద్ధ హోదా 2020 సవరణతోనే వచ్చింది. డీజీసీఏ సేవలు 2021 నుంచి ఈజీసీఏ పోర్టల్‌లో ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 4న ప్రారంభమైన జాతీయ బ్లాక్‌చెయిన్ ఫ్రేమ్‌వర్క్ కింద 'విశ్వస్య' వేదిక భువనేశ్వర్, పుణె, హైదరాబాద్ ఎన్‌ఐసీ డేటా కేంద్రాల్లో నడుస్తోంది. అదే హైదరాబాద్ శంషాబాద్‌లో సఫ్రాన్ లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రారంభమైంది. ఇంజిన్లు ఇక్కడ విప్పుతాం, వాటి చరిత్రనూ ఇక్కడే రాస్తాం. రాసేది ఎలా ఉండాలో నిర్ణయించుకోవాల్సిన సమయం ఇదే.

జవాబు ఎలా రాయాలి?

నా పాత జవాబులో మూడు మాటలున్నాయి. ఇప్పుడైతే ఇలా రాస్తాను. బ్లాక్‌చెయిన్ చేతులు మారేచోట, దిద్దుబాట్ల దగ్గర పనికొస్తుంది. ఎక్కించే క్షణంలో నిజం చెప్పించలేదు. అందుకే దానితోపాటు మూడు కావాలి. ముఖ్యమైన పనులకు రెండో ఇంజినీరు స్వతంత్రంగా చూసి సంతకం పెట్టే పద్ధతి. హ్యాంగర్‌కు వెళ్లి భాగాన్ని చేతితో పట్టుకుని చూసే సరిపడా డీజీసీఏ అధికారులు. తప్పు జరిగిందని తానే చెప్పుకున్న మెకానిక్‌ను ఉద్దేశపూర్వకంగా మోసం చేసినవాడితో సమానంగా శిక్షించని పని వాతావరణం. దీన్నే జస్ట్ కల్చర్ అంటారు. ఈ మూడోది లేకపోతే మెకానిక్ భయపడి మౌనంగా ఉంటాడు, మా థర్మోకపుల్ సంగతిలాగే.

సాధన ప్రశ్న: "మార్చలేని రికార్డు, నిజమైన రికార్డు ఒకటి కావు." విమాన మెయింటెనెన్స్ రంగంలో బ్లాక్‌చెయిన్ వినియోగం నేపథ్యంలో చర్చించండి. (15 మార్కులు, 250 పదాలు)

గడియారం పెట్టుకుని రాయండి. పన్నెండు నిమిషాలు పట్టిందా, ఇరవై పట్టిందా, ఉన్నది ఉన్నట్టు పక్కన రాసుకోండి.